మనోవ్యాధికి మందు మాటతోనే మొదలు

"మనోవ్యాధికి మందు లేదు" అన్న సామెత తెలుగు లోగిళ్ళలో తరతరాలుగా వినిపిస్తున్నది. పెద్దలు ఏ ఉద్దేశంతో పలికినా, వినేవారి చెవికి మాత్రం అది తీర్పులాగే చేరింది. మందే లేనప్పుడు వైద్యునితో చెప్పుకోవడం దేనికి, చెప్పుకున్నా అర్థమయ్యేది ఎవరికి అన్న నిస్పృహ దానితోనే బలపడింది. జ్వరం వస్తే తెల్లవారేసరికి వైద్యుని తలుపు తట్టే మనం, మనస్సు కుంగి ఆరు నెలలైనా పెదవి విప్పము. విప్పినా "ఒంట్లో కాస్త నలతగా ఉంటోంది" అన్నంతవరకే చెప్పి, తక్కిన మాటను గొంతులోనే దిగమింగుతాము. ఈ మౌనాన్ని మనం సహనమనీ, గుట్టు అనీ, ఒక్కొక్కసారి భక్తి అనీ పిలుచుకుంటున్నాము. శాస్త్రం మాత్రం దానిని ఆ పేర్లతో పిలవలేదు. ఆ సంగతి విన్నవించడానికే ఈ నాలుగు మాటలు.

దేహం పలికే భాష

ఆలయంలో అర్చన చేయించుకునే భక్తులు గోత్రనామాలతో పాటు తమ కష్టాన్ని కూడా ఒక ముక్కలో చెబుతారు. నాలుగు దశాబ్దాలుగా ఆ ముక్కలను వింటున్నాను. "గుండెల మీద బండ పెట్టినట్టుంటోంది స్వామీ", "తల దిమ్ముగా ఉంటోంది", "నిద్ర పట్టడం లేదు", "ముద్ద దిగడం లేదు", "కాళ్ళూ చేతులూ లాగేస్తున్నాయి" అంటారు. వెంటనే "పరీక్షలన్నీ చేయించాం, ఏమీ లేదన్నారు" అని కూడా చేరుస్తారు. తీర్థం ఇచ్చి "ఎప్పటి నుండి తల్లీ?" అని అడిగితే చాలు, కళ్ళు చెమ్మగిల్లుతాయి. "మా ఆయన పోయినప్పటి నుండి" అని ఒకరు. "అమ్మాయి కాపురం చెడినప్పటి నుండి" అని మరొకరు. "బిడ్డ పుట్టి మూడు నెలలైంది, ఎత్తుకుంటే సంతోషం కలగడం లేదు, ఎవరికీ చెప్పకండి" అని ఇంకొకరు. ఈ మాట డాక్టరుగారితో చెప్పారా అని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. "ఆయన అడగలేదు, నేను చెప్పలేదు" అన్నది అందరి సమాధానం.

గమనించండి. ఇక్కడ రెండు వాక్యాలున్నాయి. మొదటిది దేహానిది, రెండవది మనస్సుది. వైద్యుని ముందు మొదటి వాక్యం మాత్రమే వెళుతోంది. ఆయన దానికే మందు రాస్తున్నాడు. గ్యాసుకు ఒక మాత్ర, నిద్రకు ఒక మాత్ర, బలానికి ఒక సీసా. రెండవ వాక్యం రోగితో పాటే ఇంటికి తిరిగివస్తోంది.

దేహం పేరు చెప్పి బాధను చెప్పుకోవడం అజ్ఞానమని ఎవరూ అనుకోనక్కరలేదు. మన భాష స్వభావమే అది. గుండె చెరువవుతుంది, కడుపు తరుక్కుపోతుంది, ప్రాణం ఉసూరుమంటుంది. దుఃఖానికి మనం ఇచ్చిన రూపాలన్నీ శరీరంలోనివే. దిగులు, బెంగ, గుబులు అని ఒక ప్రాంతం వారంటే, రంది, మనాది అని తెలంగాణ పల్లెలలో అంటారు. ఈ మాటలేవీ వైద్యుని చీటీలో కనిపించవు గనుక అవి వైద్యునితో చెప్పదగిన మాటలు కావని మనమే తీర్మానించుకున్నాము.

దీనికి మరో కారణం కూడా ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థకు చెందిన రఘురామ్, ఆయన సహచరులు 80 మంది రోగులతో మాట్లాడి చేసిన పరిశీలన 1996లో ఒక అమెరికన్ మనోవైద్య పత్రికలో వెలువడింది. దేహబాధలను ఎక్కువగా చెప్పుకున్నవారికి నలుగురిలో చులకన అవుతామన్న జంకు తక్కువగానూ, మనస్సు కుంగుబాటు ఎక్కువగా ఉన్నవారికి ఆ జంకు ఎక్కువగానూ ఉన్నట్లు అందులో తేలింది. నొప్పి, నీరసం అందరికీ వచ్చేవే, చెప్పుకుంటే తప్పులేదు. దిగులు సంగతి చెబితే మాత్రం మనిషినే వేరుగా చూస్తారని భయం. అంటే మాటలు తెలియక కాదు, తెలిసిన మాటను పలకడానికి జంకి దేహాన్ని అడ్డం పెట్టుకుంటున్నాము.

రోగికి ఉండవలసిన గుణం

మన పూర్వులు ఈ రెండింటినీ స్పష్టంగా వేరుచేసి చూశారు. మనస్సును పీడించేది ఆధి, దేహాన్ని పీడించేది వ్యాధి. ఆధివ్యాధులు అని జంటగా పలకడంలోనే రెండూ ఒకదానినొకటి అంటిపెట్టుకుని ఉంటాయన్న ఎరుక కనబడుతోంది. చరకసంహిత సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో చికిత్స మూడు విధాలని చెప్పబడింది. మంత్రజపహోమాదులతో కూడినది దైవవ్యపాశ్రయం. ఆహార ఔషధాలను యుక్తితో కూర్చేది యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాల నుండి మనస్సును మళ్ళించి నిగ్రహించేది సత్త్వావజయం. దైవాన్ని మొదట చెప్పిన ఆచార్యుడే ఔషధాన్నీ, మనస్సుకు చేసే చికిత్సనూ పక్కపక్కనే నిలిపాడు. ఒకటి ఉంటే రెండవది అక్కరలేదని ఆయన అనలేదు.

అదే సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో ఇంతకంటె ముఖ్యమైన మాట ఒకటి ఉంది. చికిత్సకు నాలుగు పాదాలని అంటాడు చరకుడు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు. రోగికి ఉండవలసిన నాలుగు గుణాలేవంటే, జరిగినది గుర్తుంచుకునే స్మృతి, వైద్యుడు చెప్పినట్టు నడుచుకోవడం, భయపడకపోవడం, తన రోగాన్ని తెలియజెప్పగలగడం. ఈ చివరి గుణానికి 'జ్ఞాపకత్వం' అని పేరు. తెలుగులో మనం వాడే జ్ఞాపకం వేరు, ఇది వేరు. ఇక్కడ అర్థం ఎరిగింపజేయడం. అంటే తన బాధను వైద్యునికి ఎరిగించడం రోగి ధర్మాలలో ఒకటిగా శాస్త్రమే నిర్ణయించింది. చెప్పకుండా దాచుకున్న రోగి వల్ల చికిత్స ఒక పాదం కుంటుతుంది.

వాగ్భటుడు అష్టాంగహృదయంలో రోగిని పరీక్షించడానికి మూడు మార్గాలు చెప్పాడు. చూడడం, తాకడం, అడగడం. దర్శన, స్పర్శన, ప్రశ్నలన్నవి ఇవే. కామెర్లను కంటితో చూడవచ్చు. జ్వరాన్ని చేతితో తాకి తెలుసుకోవచ్చు. దిగులు తీవ్రత ఏ కంటికీ పూర్తిగా కనబడదు, ఏ నాడికీ పూర్తిగా అందదు. దానికి మిగిలిన దారి ప్రశ్న ఒక్కటే. ప్రశ్నకు ప్రాణం సమాధానం. నేటి వైద్యంలోనూ ఇదే పరిస్థితి. గుండెకు ఈసీజీ ఉంది, ఎముకకు ఎక్స్-రే ఉంది. కుంగుబాటును కొలిచే రక్తపరీక్ష ఏదీ లేదు. మనోవైద్యుడు రక్తపరీక్షలు రాసేది థైరాయిడ్ వంటి దేహలోపమేదైనా కారణమవుతున్నదేమో చూసుకోవడానికి. అసలు నిర్ణయం రోగి చెప్పే మాటల మీదే ఆధారపడి ఉంటుంది.

రాముడు, అర్జునుడు

చెప్పుకోవడం బలహీనత అనుకునేవారు ఇద్దరు మహావీరులను స్మరించాలి.

యోగవాసిష్ఠం వైరాగ్య ప్రకరణంలో శ్రీరాముడు తీర్థయాత్ర ముగించుకుని అయోధ్యకు వస్తాడు. కొన్నాళ్ళకు ఆయన చిక్కిపోతాడు. భోజనం మీద ఇచ్ఛ లేదు, ఆభరణాల మీద ప్రీతి లేదు, పలకరించినా పలకడు. దశరథుడు కుమారుణ్ణి ఒడిలోకి తీసుకుని నీ దిగులేమిటి నాయనా అని లాలనగా అడుగుతాడు. నాకే దుఃఖమూ లేదు తండ్రీ అని రాముడు ఊరుకుంటాడు. ఎంత సహజమైన సమాధానం! మన ఇళ్ళలో ప్రతిరోజూ వినిపించేది ఇదే. ప్రేమించేవారిని బాధపెట్టకూడదనే ప్రేమతోనే పుట్టే అబద్ధమిది. ఆ తరువాత విశ్వామిత్ర మహర్షి వచ్చి, నిండు సభలో, నీ మనస్సును తొలుస్తున్నది ఏమిటని సూటిగా అడిగినప్పుడు రాముడు సర్గల తరబడి తన హృదయాన్ని విప్పాడు. వసిష్ఠుని బోధకు అదే నాంది అయింది. రామునిది వైరాగ్యమే గాని రోగం కాదన్నది నిజమే. ఇక్కడ గ్రహించవలసింది వేరు. తండ్రితో చెప్పలేనిది గురువుతో చెప్పగలిగాడు. ఇంటివారికి చెప్పుకోలేని మాటను బయటి తెలిసినవారికి చెప్పుకోవడం ఇంటిని అవమానించడం కాదు.

ఇక అర్జునుడు. భగవద్గీత మొదటి అధ్యాయానికి పేరే అర్జున విషాదయోగం. విషాదాన్ని కూడా యోగమని పిలిచిన గ్రంథం మనది. అర్జునుడు తన స్థితిని ఎలా చెప్పాడో చూడండి. అవయవాలు పట్టు తప్పుతున్నాయన్నాడు. నోరు ఎండుతోందన్నాడు, ఒళ్ళు వణుకుతోందన్నాడు. చర్మం మండుతోందనీ, గాండీవం చేజారుతోందనీ, నిలబడలేకపోతున్నాననీ చెప్పి, మనస్సు గిర్రున తిరుగుతున్నట్టుందన్నాడు. మొదట దేహం, పిమ్మట మనస్సు. అంతటితో ఆగలేదు. ఎవరిని చూసి తనకీ స్థితి కలిగిందో, ఏమి జరుగుతుందని భయపడుతున్నాడో అదీ చెప్పాడు. ఇంచుమించు ఇరవై శ్లోకాల పాటు అతడు మాట్లాడుతుంటే పరమాత్మ మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు.

ఇందులో మరొక సూక్ష్మముంది. రెండవ అధ్యాయం మొదట్లో శ్రీకృష్ణుడు ఇచ్చిన తొలి సమాధానం మందలింపు. ఈ దౌర్బల్యం నీకు తగదు, లేచి నిలబడు అన్నాడు. ఆ మాటతో అర్జునుని దుఃఖం తీరలేదు. తీరలేదని అతడు దాచుకోలేదు కూడా. మళ్ళీ చెప్పాడు. ఇంద్రియాలను ఎండగట్టే ఈ శోకం దేనితో పోతుందో తోచడం లేదనీ, ఏది మేలో తానే నిర్ణయించుకోలేకపోతున్నాననీ, శరణన్న తనకు దారి చూపమనీ వేడుకున్నాడు. అప్పుడు గదా అసలు గీత మొదలైంది! మొదటిసారి చెప్పినప్పుడు ఎదుటివారు "ధైర్యంగా ఉండు" అని మాత్రమే అంటే, అంతటితో నోరు కట్టుకుని వచ్చేయకూడదు. అర్జునుడు అలా వచ్చేసి ఉంటే మనకు గీత లేదు.

భక్తులకు కలిగే సందేహాలు

భగవంతుని నమ్మినవారికి వైద్యుడెందుకు అన్నది మొదటి సందేహం. కన్ను మసకబారితే శుక్లాల ఆపరేషన్ చేయించుకుని వచ్చి స్వామిని కళ్ళారా చూస్తున్నాము. చక్కెర వ్యాధికి మాత్ర వేసుకునే ఉపవాస నియమాలు సర్దుకుంటున్నాము. దేహానికి లేని అభ్యంతరం మనస్సుకే ఎందుకు? ప్రతి పూజలోనూ సంకల్పం చెప్పుకునేటప్పుడు ఆయురారోగ్యాలతో పాటు స్థైర్యాన్నీ, ధైర్యాన్నీ కోరుకుంటున్నాము. అవి మనస్సుకు చెందిన సంపదలు. అడిగిన వరాన్ని భగవంతుడు వైద్యుని చేతి మీదుగా ఇస్తే వద్దనడం తగదు.

రెండవది మరింత సున్నితమైనది. "జపం మీద మనస్సు నిలవడం లేదు. దీపం పెట్టాలన్నా విసుగ్గా ఉంటోంది. నేనేదో పాపం చేశాను, దేవుడు నన్ను విడిచిపెట్టాడు" అని కొందరు లోలోపల కుమిలిపోతుంటారు. ఈ మాట వారు ఎవరితోనూ చెప్పరు. అర్చకునితో చెబితే తప్పు పడతాడేమోనని భయం. వైద్యునితో చెబితే ఇది ఆయనకు సంబంధించని విషయమని సంకోచం. అమ్మా, అయ్యా! ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి నశించడం, మనస్సు నిలవకపోవడం, తగని అపరాధభావం కలగడం, ఇవన్నీ కుంగుబాటు వ్యాధికి లక్షణాలని నేటి వైద్యం గుర్తించింది. పూజ మీద మనస్సు నిలవకపోవడం మీ భక్తి లోపమని తీర్మానించుకోకముందు, ఇది వ్యాధి లక్షణమేమోనని వైద్యుని అడగండి. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఆయనతో చెప్పండి. ఆయనకు అది ఎంతో అవసరమైన సమాచారం.

మూడవది ప్రారబ్ధం. ఇదంతా పూర్వకర్మ, అనుభవించక తప్పదంటారు. ఆయువు దైవం మీద, పురుషకారం మీద, రెండింటి మీదా ఆధారపడి ఉంటుందని చరకుడు విమానస్థానంలో చెప్పాడు. ప్రయత్నాన్ని వదిలేయమని మన కర్మసిద్ధాంతం ఎన్నడూ బోధించలేదు.

నాలుగవది పరువు. ఆడపిల్ల పెళ్ళి కావాలి, అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం, ఈ సంగతి బయటకు పొక్కితే ఎలాగని బెదురు. భారత మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుండి అమలులో ఉంది. రోగి వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యతను అది వైద్యుని మీద ఉంచింది. ఎవరికైనా ప్రాణాపాయం ఉన్నప్పటి వంటి కొద్ది సందర్భాలు తప్ప, మీ అనుమతి లేకుండా ఆ మాట గది దాటకూడదు. ఇక ఇది మన ఇంటి ఒక్కదానికే పట్టిన శాపమన్న భావన కూడా సరికాదు. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, పెద్దవారిలో నూటికి 10.6 మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుండి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని కూడా ఆ సర్వే తేల్చింది. మీ వీధిలో పది గడపలుంటే ఏ గడపలోనో ఈ మౌనం ఉందన్నమాట.

ఆలయం చేయగలిగింది, చేయలేనిది

ఆలయానికి రావద్దని నేను అనడం లేదు. తమిళనాడులోని ముత్తుస్వామి ఆలయంలో ఆశ్రయం పొందిన 31 మంది మానసిక రోగులను రఘురామ్ బృందమే పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. అక్కడ సగటున ఆరు వారాలు ఉండి, చిన్నచిన్న సేవలలో పాల్గొన్నవారికి, ప్రత్యేకమైన వైద్యమేదీ లేకుండానే రోగ లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయి. ఆదరణ, నియమబద్ధమైన దినచర్య, చులకన చేయని మనుషులు ఉన్నచోట మనస్సు కొంత కుదుటపడుతుందని దీని వల్ల తెలుస్తోంది. ఇరవై శాతం తక్కువేమీ కాదు. అయితే తక్కిన ఎనభై శాతం అలాగే ఉందన్న సంగతి కూడా మరువకూడదు.

రెండవ వైపు కూడా చూడాలి. అదే తమిళనాడులో ఏర్వాడి వద్ద, దైవానుగ్రహంతో నయమవుతుందన్న ఆశతో బంధువులు విడిచిపెట్టిన మానసిక రోగులను ఒక ప్రైవేటు ఆశ్రయంలో గొలుసులతో కట్టి ఉంచారు. 2001 ఆగస్టు 6న అక్కడ నిప్పంటుకుంటే తప్పించుకోలేక 28 మంది మరణించారు. ఏ మతానికి చెందిన క్షేత్రమైనా పాఠం ఒక్కటే. దేవుని సన్నిధి ఆసరా కావాలి గాని, వైద్యానికి అడ్డుగోడ కాకూడదు. గ్రహశాంతి చేయించుకోండి, సుందరకాండ పారాయణ చేసుకోండి. ఆ మరునాడు వైద్యుని వద్దకూ వెళ్ళండి. భక్తుని ఆ దారి పట్టించడం అర్చకుని విధులలో ఒకటని నా దృఢ విశ్వాసం.

ఎలా చెప్పాలి?

చెప్పాలనే ఉంది, వెళ్ళాక మాట పెగలడం లేదని చాలామంది అంటారు. వారికి కొన్ని సూచనలు.

వెళ్ళేముందు ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఎప్పటి నుండి, ఏమి జరిగిన తరువాత మొదలైంది, నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఇంతకుముందు చేయగలిగి ఇప్పుడు చేయలేకపోతున్న పనులేమిటి అన్నవి చాలు. మాట రాకపోతే ఆ కాగితాన్ని చేతికివ్వండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. ఈ లక్షణాలు రెండు వారాలు దాటి దాదాపు ప్రతిరోజూ ఉంటే వైద్యులు వాటిని తీవ్రంగానే తీసుకుంటారు.

దేహబాధ చెప్పండి, దానిని దాచమనడం లేదు. గుండె నొప్పి అంటే ముందు గుండెనే పరీక్షించాలి. ఆ వెంటనే రెండవ వాక్యాన్ని కూడా చెప్పండి. "ఛాతీ బరువుగా ఉంటోంది డాక్టరుగారూ, మావారు పోయినప్పటి నుండి బతుకు మీద ఆశ లేకుండా ఉంది" అనడానికి అరనిమిషం పట్టదు. చాలామంది ఈ మాటను కుర్చీలో నుండి లేచి, తలుపు దాకా వెళ్ళి, అక్కడ తటపటాయించి మానేస్తారు. అన్నిటికంటె ముందు చెప్పవలసినది అదే.

మీకు వచ్చిన మాటలోనే చెప్పండి. డిప్రెషన్, యాంగ్జయిటీ అన్న ఇంగ్లీషు పేర్లు రాకపోతే నష్టం లేదు. పేరు పెట్టడం వైద్యుని పని. బెంగ, గుబులు, రంది, ఏ మాట మీ నోట సహజంగా వస్తే అదే సరైన మాట. విదేశాలలో ఉన్న మన పిల్లలకు ఇది మరీ కష్టం. బెంగకు సరితూగే ఇంగ్లీషు మాట వెతుక్కుంటూ అక్కడి కౌన్సెలర్ ముందు మూగబోతారు. వారు తెలుగు మాటనే పలికి, దాని అర్థాన్ని వివరిస్తే సరిపోతుంది. తెలుగు వచ్చిన వైద్యుడు కావాలని అడగడం కూడా తప్పు కాదు.

తోడుగా వచ్చినవారి ఎదుట చెప్పలేని మాట ఉంటే, "ఐదు నిమిషాలు మీతో ఒంటరిగా మాట్లాడాలి" అని వైద్యుని అడగండి. కోడలి బాధ అత్తగారి ఎదుట, తండ్రి బాధ కొడుకు ఎదుట బయటపడదు. వచ్చిన పెద్దలు కూడా దీనిని తప్పుపట్టక, తామే లేచి బయట కూర్చోవాలి.

మందులు రాసేది సైకియాట్రిస్టు. మాటల ద్వారా చికిత్స చేసేవారు సైకాలజిస్టు, కౌన్సెలర్. కొందరికి ఒకటి చాలు, కొందరికి రెండూ కావాలి. కుంగుబాటుకు ఇచ్చే మందులు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని గుణం లేదని గాని, కాస్త కుదుటపడగానే ఇక అక్కరలేదని గాని సొంతంగా ఆపేయరాదు. ఇబ్బంది ఉంటే అదీ చెప్పాలి. ఒక వైద్యుడు వినకపోతే మరొకసారి చెప్పండి, అప్పటికీ వినకపోతే మరొకరి వద్దకు వెళ్ళండి.

వినేవారికి ఒక మాట

వైద్యులు నారాయణ స్వరూపులన్న భావన మనది. ఆ గౌరవంతోనే వారికీ ఒక విన్నపం. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డుతగులుతున్నాడని అమెరికాలో 1984లో వెలువడిన ఒక పరిశీలన తెలిపింది. కిక్కిరిసిన మన ఆసుపత్రులలో వైద్యులకు తీరిక దొరకడం ఎంత కష్టమో ఎరుగనివాడను కాను. అయినా "టెన్షన్ పెట్టుకోకండి" అనే బదులు "ఇంట్లో ఏమైనా దిగులుందా?" అని ఒక్క ప్రశ్న వేస్తే, ఎన్నాళ్ళుగానో గొంతులో నిలిచిన మాట బయటకు వస్తుంది.

ఈ విద్యకు మనకు ఆదర్శం ఆంజనేయుడు. అశోకవనంలో సీతమ్మ దుఃఖభారంతో ప్రాణత్యాగానికి సిద్ధపడిన వేళ, శింశుపా వృక్షం మీద ఉన్న హనుమ ముందుగా ఏమి ఆలోచించాడు? ఏ భాషలో మాట్లాడాలా అని ఆలోచించాడు. పండితునిలా సంస్కృతం పలికితే ఆ తల్లి తనను రావణుడనుకుని భయపడుతుందని తలచి, సామాన్య మనుష్యులు మాట్లాడుకునే మాటనే ఎంచుకున్నాడు. ఉపదేశంతో ఆరంభించలేదు, ఆమెకు ప్రియమైన రామకథతో ఆరంభించాడు. నమ్మకం కుదిరేదాకా ఓపిక పట్టాడు. ఆ తరువాత ఆమె చెప్పినదంతా విన్నాడు. నవవ్యాకరణాలు నేర్చినవాడని పేరుపొందిన మహానుభావుడు తన పాండిత్యాన్ని పక్కనబెట్టి, బాధలో ఉన్నవారి భాషలోకి దిగివచ్చాడు. సుందరకాండ పారాయణ చేసే ప్రతి ఇంటిలోనూ ఈ ఘట్టాన్ని ఈ దృష్టితో ఒకసారి చదవాలి.

ఇంటి పెద్దలకు కూడా ఇదే వర్తిస్తుంది. "నీకేం తక్కువ? తిండి లేదా, బట్ట లేదా?" అన్న ప్రశ్నకు ఏ బాధితుడూ సమాధానం చెప్పలేడు. సలహా తరువాత ఇవ్వవచ్చు, ముందు వినండి. ఎవరైనా "నేను లేకపోతేనే మీకు హాయి" అన్నా, చావు మాట తరచుగా ఎత్తినా, దానిని బెదిరింపుగా కొట్టిపారేయకండి. చనిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని, పైగా బరువు దిగుతుందని వైద్యులు చెబుతున్నారు. వారిని ఒంటరిగా విడువకుండా వెంటనే వైద్యసహాయం అందించండి. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే 1,70,924 మంది బలవన్మరణం పాలయ్యారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ ఇళ్ళలో ఎన్నింటిలో "ఒక్క మాట చెప్పి ఉంటే" అన్న విలాపం వినబడి ఉంటుందో ఊహించండి.

ఆసుపత్రికి వెళ్ళే ధైర్యం ఇంకా రాకపోతే, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'టెలి మానస్' సేవ ఉంది. 14416 అన్న నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. రుసుము లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పంచాంగం వేలాడే మేకు పక్కనే ఆ అంకెలు రాసి ఉంచుకోండి.

సామెతలు పెద్దల అనుభవం నుండి పుట్టినవి, వాటిని తోసిపుచ్చడం నా అభిమతం కాదు. మనోవ్యాధికి మందు లేదన్న మాట చెప్పుకోని మనోవ్యాధి విషయంలో నేటికీ సత్యమే. ఈ వారం మీరు గుడికి వచ్చి స్వామి ముందు కళ్ళు మూసుకుని ఏ మాటనైతే మనస్సులో విన్నవించుకుంటారో, ఆ మాటనే, ఏమీ తగ్గించకుండా, మీ వైద్యునితో పైకి చెప్పండి. సర్వాంతర్యామి అయిన స్వామికి పలకకపోయినా తెలుస్తుంది. వైద్యుడు మానవుడు. ఆయనకు మీరు చెబితేనే తెలుస్తుంది.

సర్వే జనాః సుఖినో భవంతు.